గెడ్డలో నిలబడిన టీచరమ్మ

వాదనకు దిగేవారు ముందుగా ఎదుటివారి అభియోగాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. చెబుతున్నాను. మా సైన్సు టీచరమ్మ బడిలో పాఠాలు పూర్తిచేయలేదు. పుస్తకం మూసి పిల్లలను గెడ్డ నీళ్ళ వెంట తిప్పింది. అది చాలక, ఊళ్ళో నలుగురికి కూడు పెడుతున్న మడుగులో ఒక వెదురు పాతి, చూడవచ్చే జనాన్ని బెదరగొట్టింది. ఇదీ అభియోగం.

ఈ మాటలు ఎక్కడో చాటున అన్నవి కావు. ఆమెను మట్టిలో ఉంచిన కొద్ది రోజులకే, చర్చిలో ఆదరణ కూడిక ముగిసి, అందరం ఆవరణలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడినప్పుడు అన్నవి. అన్నది పరాయివాడూ కాదు. మా నాన్న తమ్ముడు, మా చిన్నాన్న. "మంచి మనిషే, కాదనం. గానీ ఆవిడకి పాఠం తక్కువ, గెడ్డ ఎక్కువ" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "టీ తాగినంతసేపు ఊరుకోవే" అంది. ఊరుకున్నాను. టీ అయిపోయింది. బడి పాత విద్యార్థులు వేస్తున్న ఈ చిన్న సంచికలో ఆమె గురించి రాయమని నన్ను అడిగారు. ఇక ఊరుకోవలసిన పని లేదు.

టీచరమ్మ పోయిన సంగతి నాకు సంతలోంచి తెలిసింది. అమ్మ డుంబ్రిగుడ సంతకు రాజ్‌మా గింజలు పట్టుకెళ్ళి, అక్కడ విని, అక్కడినుంచే విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసింది. వెనక కోళ్ళ అరుపులు, బేరాలు. వాటి మధ్యనుంచి "టీచరమ్మ పోనారే" అన్న ముక్క ఒకటే తెలిసింది. నేను కిరండూల్ రైలెక్కి అరకులోయలో దిగి, జీపు పట్టుకుని ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. మా బడి హాస్టల్ పిల్లలు దాని చుట్టూ సీసా పెంకులు గుచ్చారు. పచ్చవి, గోధుమరంగువి, తెల్లవి. ఎవరూ చెప్పకుండానే గుచ్చారు. ఎందుకో మా బడిలో చదివినవాళ్ళకు తెలుసు. దారిలో గాజు పెంకు కనిపిస్తే ఆమె దాటిపోయేవారు కాదు. తీసి, చీర కొంగుతో తుడిచి, ఎండకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తర్వాతే చెత్తబుట్టలో వేసేవారు. "చూడకుండా ఏదీ పారేయకండర్రా" అనేవారు.

ఆమె విజయనగరం వైపు మైదానం మనిషి. పొట్టిగా ఉండేవారు, చాలా వేగంగా నడిచేవారు. కళ్ళజోడు మెడలో దారానికి వేలాడుతూ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. మా ఆశ్రమ పాఠశాలకు బదిలీ మీద వచ్చి, తిరిగి వెళ్ళే బదిలీ ఎన్నడూ అడగలేదు. ఉద్యోగం అయిపోయాక కూడా చర్చి పక్కన చిన్న పెంకుటింట్లో ఉండిపోయారు.

ప్రతి ఏటా తొమ్మిదో తరగతికి ఆమె చెప్పే తొలిపాఠం ఒకటే. తాను మునిగిన కథ. వచ్చిన కొత్తలో, బడికి పిల్లలను చేర్పించడానికి గెడ్డ అవతలి ఊరికి బయలుదేరారట. కొండ మీదినుంచి దిగివచ్చే వాగును మేము గెడ్డ అంటాం. మా ఊరి మలుపులో అది కాసేపు ఆగి మడుగు కడుతుంది. వానలు తగ్గాక ఆ నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున ఒక్కో గులకరాయి మీది చారలు కూడా కనిపిస్తాయి. టీచరమ్మ చూశారు. మోకాలి లోతు అనుకున్నారు. కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టి అడుగు వేశారు. గొంతు దాకా దిగబడ్డారు. సంచీ తేలిపోయింది. ఒడ్డున ఉన్న పెద్దపిల్లలు ఆమెను లాగి గట్టెక్కించి, అప్పుడు నవ్వారట.

"ఆ పక్కకి ఎల్లకండి అని సెప్పేలోపే ఎల్లిపోనారు టీచరమ్మా" అందట వాళ్ళలో ఒకతె.

ఈ కథ చెప్పి ఆమె మా ముఖాల్లోకి చూసేవారు. "అప్పటికే మైదానంలో ఈ పాఠం ఎన్నోసార్లు చెప్పినదాన్ని నేను. బోర్డు మీద గీతలు గీశాను. పేపర్లు దిద్దాను. అయినా మునిగాను. తెలిసినంత మాత్రాన కన్ను వింటాదేటే?" అనేవారు.

ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. నా వాదన అంతా దీని మీదే నిలబడి ఉంది.

ఆ పాఠం పేరు వక్రీభవనం. ఆ మాట ఆమె మొదట చెప్పేవారు కాదు. ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకునే మాకు ఆ మాట నోట్లో తిరగదని ఆమెకు తెలుసు. కానీ కారణం అది కాదు. "పేరు వెనకాల వస్తుంది. ముందు ఒకసారి మోసపోండి" అనేవారు. గాజుగ్లాసులో నీళ్ళు పోసి పెన్సిలు ఏటవాలుగా పెడితే నీటి అంచు దగ్గర విరిగినట్టు కనిపించేది. పైకి తీస్తే తిన్నగా ఉండేది. మళ్ళీ పెట్టు, మళ్ళీ తియ్యి. ఎన్నిసార్లు చేసినా కన్ను విరిగిందనే చెప్పేది.

తర్వాత నూనె. హాస్టల్ వంటగది నుంచి గిన్నెడు నూనె తెప్పించి గాజుపాత్రలో పోశారు. ప్రయోగాలకు వాడే గాజు గొట్టాన్ని నూనెతో నింపి అందులో ముంచారు. మునిగినంత మేరా గొట్టం మాయమైపోయింది. వేలు పెట్టి తడిమితే తగులుతోంది, చూస్తే లేదు. మేము నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా వంటామె గుమ్మంలో నిలబడి, "కూరలోకి నూనె సాలక నేను సత్తంటే, మీరు గాజుకి తానం సేయిత్తన్నారేటి టీచరమ్మా" అంది.

"నీ నూనె నీకిచ్చేస్తానే, వేపుడు మాత్రం మాకు పెట్టు" అని, టీచరమ్మ మావైపు తిరిగారు. "గొట్టం ఎక్కడికీ పోలేదు. వెలుగు గాలిలోంచి నీటిలోకి వెళ్తే నెమ్మదిస్తుంది, నూనెలోకి వెళ్తే ఇంకొంచెం నెమ్మదిస్తుంది. ఈ గాజులోనూ ఈ నూనెలోనూ దాని నడక ఇంచుమించు ఒకటే. నడక మారలేదు కాబట్టి మలుపు లేదు. మలుపు లేదు కాబట్టి అంచు లేదు. అంచు లేనిదాన్ని కన్ను పట్టుకోలేదు."

నెమ్మదిస్తే నెమ్మదించింది, దారి ఎందుకు మళ్ళాలి? ఈ ప్రశ్న నేనే వేశాను. అప్పటికే నాకు ఎదురు ప్రశ్నలు వేసే పిల్లనని పేరుంది. టీచరమ్మ మమ్మల్ని బడి వెనక మడి దగ్గరకు తీసుకువెళ్ళారు. ఒక పక్క గట్టినేల, ఒక పక్క దమ్ము చేసిన బురద. "ధింసాకు నిలబడినట్టు నిలబడండి" అన్నారు. ధింసా మా కొండల ఆట. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు అల్లుకుని, బారుగా, ఒకే అడుగుతో కదులుతారు. మేము బారు కట్టాం. "గట్టు మీంచి ఏటవాలుగా బురదలోకి నడవండి" అన్నారు. పుస్తకం ప్రకారం జరగవలసింది ఇది. ముందు బురదలో దిగిన కొస నెమ్మదిస్తుంది, గట్టు మీది కొస ఇంకా వేగంగా నడుస్తుంది, బారు దానంతటదే మలుపు తిరుగుతుంది. వెలుగూ అంతే.

మా బారు తిరగలేదు. తిన్నగా వెళ్ళి తిన్నగా దిగింది. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకున్నారు. మళ్ళీ నడవమన్నారు. మళ్ళీ తిన్నగానే. ఆమెకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత మా కాళ్ళు చూశారు. బురదలోని పిల్ల కాలు పీక్కోలేక ఆలస్యమైతే, గట్టు మీది పిల్లలందరూ ఎవరూ చెప్పకుండానే అడుగు ఆపుతున్నారు. ధింసాలో అడుగు తప్పడం మా ఇళ్ళల్లో సిగ్గు. పక్కమనిషి కాలు ఎక్కడుందో వీపు మీది చేతికి తెలిసిపోతుంది. బారు విడవకూడదు, వంకర పోకూడదు. మా అమ్మమ్మలు అలాగే నేర్పారు.

టీచరమ్మ గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు. "వెలుగుకి మీ అంత స్నేహం లేదే గుంటల్లారా" అన్నారు. "దాని ఒక కొస ఇంకో కొస కోసం ఆగదు. ఈసారి ఎవరి నడక వాళ్ళు నడవండి. పక్కదాని గురించి ఆలోచించకండి." అలా నడవడం మాకు నిజంగా కష్టమైంది. నడిచాం. బారు గుమ్మం తలుపులా తిరిగిపోయింది. చివరి పిల్ల బురదలో కూలబడింది. ఆ సాయంత్రం మా లంగాలు ఉతుక్కుంటూ మేము ఆ మాట మొదటిసారి పలికాం, వక్రీభవనం అని. నోరు బాగానే తిరిగింది.

ఇక అభియోగంలోని మొదటి భాగానికి వస్తాను. టీచరమ్మ పాఠాలు పూర్తిచేయలేదా? పూర్తిచేయలేదు. ఒప్పుకుంటున్నాను. పుస్తకం చివర ఉన్న విశ్వం పాఠం మాకు సగమే అయింది. మిగతా సగం నేనే చదువుకున్నాను. చదువుకోగలిగాను. ఎందుకంటే వాక్యాన్ని ఎండకు ఎత్తిపట్టి తిప్పి చూడడం ఆమె నేర్పారు. అన్ని పాఠాలూ పూర్తిచేసిన మాస్టార్లు మా బడిలో ఇంకా ఉన్నారు. వాళ్ళు చెప్పిన పాఠం ఒక్కటైనా గెడ్డ ఒడ్డున గుర్తుకు వచ్చిందా అని నన్ను విమర్శించేవారు తమను తాము అడగాలి.

రెండో భాగం వెదురు. అది ఎందుకు పాతారో ఊళ్ళో చాలామంది మరిచిపోయారు. నేను మరవను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మైదానం నుంచి వచ్చిన ఒక జీపు డ్రైవరు, బండి కడుగుదామని బకెట్ పట్టుకుని మడుగులో దిగి చనిపోయాడు. కుర్రవాడు. ఈత రాదు. అతని తల్లిని తీసుకువచ్చారు. ఆమె ఒడ్డున కూర్చుని నీళ్ళలోకి చూసింది. గులకరాళ్ళు, ఒక ఎండుటాకు, అతని బకెట్, అన్నీ చెయ్యి చాపితే అందేటట్టు ఉన్నాయి. చుట్టూ నిలబడినవాళ్ళు అప్పటికే తీర్పు చెప్పేశారు. ఈ కాసిని నీళ్ళలో ఎవరైనా పోతారా, తాగి ఉంటాడు అని. ఆ తల్లి కూడా అదే నమ్మింది. "మావోడు తాగడమ్మా. తాగడనే అనుకున్నాను. మరి ఈ కాసిన్ని నీల్లలో ఎలగ పోనాడు? తాగేడే అయ్యుంటాడు" అని ఎవరితోనో కాదు, తనతోనే అనుకుంటోంది.

టీచరమ్మ ఒక పచ్చివెదురు తెప్పించారు. ఆ తల్లి ముందే దాన్ని నిలువుగా నీళ్ళలో దించారు. దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. అడుగు తగిలాక పైకి తీసి, తడి ఆరకుండానే తీసుకొచ్చి ఆమె పక్కన నేలమీద నిలబెట్టారు. తడిసిన గీత చుట్టూ నిలబడినవాళ్ళ తలలకంటే పైన ఉంది.

"ఇదమ్మా లోతు" అన్నారు టీచరమ్మ. "మీవాడు తాగలేదు. నీళ్ళు అబద్ధం చెప్పాయి. ఇవే నీళ్ళు నాకూ చెప్పాయి."

ఆ తల్లి వెదురును పట్టుకుని చాలాసేపు వదలలేదు. చనిపోయినవాడి మీద పడిన నిందను ఒక సైన్సు పాఠం తుడిచివేయడం నేను ఆ రోజు చూశాను. వాదన అంటే ఏమిటో నాకు ఏ సభా నేర్పలేదు. ఆ ఒడ్డు నేర్పింది.

మరుసటి ఏడాది నుంచి అది ఆనవాయితీ అయింది. వానలు వెలిశాక హాస్టల్ పిల్లలు కొండ మీదినుంచి కొత్త వెదురు కొట్టి తెచ్చేవారు. టీచరమ్మ చెప్పులు విడిచి, వరండా స్తంభానికి ఆనించిన వెదురు పక్కన వీపు నిటారుగా పెట్టి నిలబడేవారు. ఒక పిల్ల సుద్దముక్కతో ఆమె మోకాలి దగ్గర, నడుము దగ్గర, గొంతు దగ్గర, నడినెత్తి దగ్గర గుర్తులు పెట్టేది. "అంకెలు వేస్తే చదువుకున్నవాళ్ళే చదువుతారు. ఒళ్ళు అందరికీ ఉంది" అనేవారు ఆమె. అరకు నుంచి బోర్డులు రాసే పెయింటర్ వచ్చి, కింది నుంచి పై దాకా జానెడు ఎరుపు, జానెడు తెలుపు పట్టీలు వేసి, గుర్తుల దగ్గర మోకాలు, నడుము, గొంతు, తల బొమ్మలు గీసేవాడు. దాన్ని మడుగు అడుగున రాతి సందులో దింపి రాళ్ళు పేర్చేవారు. నీటి అంచు ఏ బొమ్మను తాకితే అంత లోతు. లోపలికి చూడనక్కర్లేదు. మోసమంతా లోపలికి చూడడంలోనే ఉంది.

మొదటి ఏడు పెయింటర్ మీద పంచాయితీ కూడా అయింది. వెదురు నిలబెట్టాక చూస్తే, నీటిపైన పట్టీలు జానెడు వెడల్పున ఉన్నాయి, నీటి లోపల పట్టీలు ఇరుకైపోయి ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు ఉన్నాయి. ఊరివాళ్ళు పెయింటర్‌ను పట్టుకున్నారు. అందరికంటే ముందు మా చిన్నాన్నే. "పైన బాగా ఏసి కింద కక్కుర్తి పడ్డావేటి? నీల్లలో ఎవుడు సూత్తాడనా?"

"ఒట్టు బాబూ, ఒకే జానతో కొలిసేను" అని పెయింటర్ తన అరచెయ్యి చాపి చూపించాడు. ఎవరూ నమ్మలేదు. వెదురును పైకి పీకించారు. పట్టీలన్నీ సమానం. మళ్ళీ దించారు. మళ్ళీ ఇరుకు. మళ్ళీ పీకారు. టీచరమ్మ రాతి మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. చివరికి మా చిన్నాన్న తల గోక్కుని, "సరే, నీ సెయ్యి మంచిదే గానీ మా గెడ్డే మంచిది కాదు" అన్నాడు. ఆ రోజు ఊరంతా ఒక పాఠం నేర్చుకుంది. ఆమె పాఠాలు చెప్పలేదని అంటున్నవారు ఆ తరగతిలో ముందు వరసలో కూర్చున్నవారే.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. యూనివర్సిటీలో తొలి ఏడాది, ఒక వక్తృత్వ పోటీలో నా ప్రత్యర్థి, "ఆమె వాదన సంగతి తర్వాత, ముందు ఆమె తెలుగు వంకర తీయాలి" అన్నాడు. సభ నవ్వింది. నేను పట్టుదలతో నా మాటతీరు మార్చుకున్నాను. సెలవులకు వచ్చి టీచరమ్మ ముందు కూర్చుని గడగడా మాట్లాడాను. ఆమె విని, కళ్ళజోడు తుడుచుకుని, "నూనెలో గాజుగొట్టంలా అయిపోయావే. ఎక్కడున్నావో కనబడట్లేదు" అన్నారు. నేను మొహం ముడుచుకున్నాను. "సభలో సభ భాష మాటాడు, తప్పేటి లేదు. గానీ నీ అంచు ఉంచుకో. వెలుగు వంగితే అది పాడైనట్టు కాదు. వేరే చోట నడుస్తందని అర్థం" అన్నారు. ఆ తర్వాతి పోటీలో నేను మా అమ్మ మాటలతోనే మొదలుపెట్టాను. నవ్వినవాళ్ళ ముఖాలు చూస్తూ మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు గొడవ. రెండేళ్ళుగా మడుగు ఒడ్డున మా చిన్నాన్న, మరికొందరు కలిసి టెంట్లు వేసి నడుపుతున్నారు. మైదానం నుంచి జనం వస్తున్నారు. మంచిదే. కొండ ఎక్కి కాఫీ పళ్ళు కోసి బతికే ఊరికి ఇంకో ఆధారం దొరికితే నాకు సంతోషమే. కానీ ఈ ఏడు వానలు తగ్గగానే వాళ్ళు వెదురును పీకేశారు. ఫొటోల్లో పడుతోందని. టీచరమ్మకు అప్పటికే ఆయాసం. దసరా సెలవులకు వచ్చిన నన్ను తోడు తీసుకుని, కర్ర పోటేసుకుంటూ ఆమె మడుగు దగ్గరకు నడిచారు. చిన్నాన్న ఎదురొచ్చి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మర్యాదకు లోటు చేయలేదు.

"ఏటి నాయనా, వెదురు తీసేశారట."

"తీసేసినాం టీచరమ్మా. ఒచ్చినోళ్ళు సూసి, ఇదేటి, ఇక్కడెవురైనా పోనారా అని అడుగుతన్నారు. అలగడిగినోళ్ళు మరి దిగుతారా?"

"దిగకూడదనే కదా."

"దిగాలనే కదండి మేం టెంట్లేసినాం. అడుగు తెల్లగా కనబడతాది. అది సూద్దామనే వస్తన్నారు."

"అడుగు కనబడతందనే కదా నాయనా పోతన్నారు."

చిన్నాన్న నవ్వాడు. "తెలీనోళ్ళకి మేం సెబుతాం లెండి. మీరు గెడ్డని కూడా బడి సేసేత్తారేటి?"

"బడికి సెలవులుంటాయి" అన్నారు టీచరమ్మ. "గెడ్డకి లేవు."

ఆ వెదురు ఎక్కడుందో అప్పుడే చూశాం. టెంట్ల వెనక రెండు పనసచెట్ల మధ్య అడ్డంగా కట్టి, దాని మీద తువ్వాళ్ళు ఆరేశారు. టీచరమ్మ దాని దగ్గరకు వెళ్ళి, ఒక తువ్వాలును పక్కకు జరిపి, కింద ఉన్న గొంతు బొమ్మను వేలితో తడిమారు. తువ్వాలును మళ్ళీ సరిచేసి వచ్చేశారు.

దీపావళి వెళ్ళాక ఒక జంట పెళ్ళికి ముందు తీయించుకునే ఫొటోల కోసం వచ్చారు. ఫొటోగ్రాఫర్ ఒడ్డున నిలబడి, "ఇంకొంచెం వెనక్కి సార్, మోకాలి లోతే" అన్నాడట. పెళ్ళికొడుకు తెల్లటి బట్టల్లో ఒక అడుగు వెనక్కి వేసి మునిగిపోయాడు. మా చిన్నాన్న చేతిలోని టీ కెటిల్ పారేసి, కట్టుబట్టలతో దూకి, అతన్ని కాలర్ పట్టి లాక్కొచ్చాడు. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ఆ మాట టీచరమ్మకు మంచం మీద ఉండగా మా అమ్మ చెప్పింది. ఆమె అడిగిన ప్రశ్న ఒకటే, "దూకింది ఎవరు?" అని. అమ్మ చెప్పింది. టీచరమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుని, "మంచివాడే" అన్నారు. "ప్రతిసారీ అక్కడే ఉంటాడేటి మరి?"

చిన్నాన్నా, నీ అభియోగానికి ఇదే నా జవాబు. ఇది ఆమె జవాబు కూడా. తెలియనివాళ్ళకు చెబుతామన్నావు. ఆ పాఠాన్ని ఏళ్ళ తరబడి చెప్పిన మనిషే ఆ నీళ్ళలో మునిగింది. తెలియడం కన్నును మార్చదు. నీకు తెలిసినా, నాకు తెలిసినా, ఆ మడుగు ప్రతి ఉదయం మోకాలి లోతుగానే కనిపిస్తుంది. అందుకే వెదురు కావాలి. ఫొటోలో పడుతుందా? పడనీ. వచ్చినవాళ్ళు అడుగుతారా? అడగనీ. ఇక్కడ ఒక కుర్రవాడు పోయాడని, అతను తాగి లేడని, చెప్పు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఏటా కొత్త వెదురు పక్కన నిలబడడానికి ఆమె ఉండేవారు. ఇప్పుడు లేరు. ఆమె మోకాలు ఎంత ఎత్తో, నడుము ఎంత ఎత్తో, గొంతు ఎంత ఎత్తో చెప్పగలిగేది ఈ లోకంలో ఆ ఒక్క కర్రే. దాని మీద మనం తువ్వాళ్ళు ఆరేస్తున్నాం.

క్రిస్మస్ సెలవుల జనం కొండ ఎక్కేలోపు, వచ్చే ఆదివారం ఆరాధన కాగానే, నేను ఆ తువ్వాళ్ళు మడతపెట్టి, కట్లు విప్పి, వెదురును మడుగు దగ్గరకు తెస్తాను. ఒక్కదాన్ని దాన్ని నిలబెట్టలేను. నీటిలోకి ఏటవాలుగా దించినప్పుడు అది మధ్యకు విరిగినట్టు కనిపిస్తుంది. భయపడకండి, విరగదు. లేపి నిలబెట్టేకొద్దీ ఆ విరుపు పోతుంది. లోపలి పట్టీలు ఇరుకవుతాయి, నీటి అంచు తల బొమ్మకు పైన నిలుస్తుంది, మిగిలిన ఎరుపూ తెలుపూ ఎండలోకి లేస్తాయి. ఆ నీటి లోపల మా టీచరమ్మ, వెనకటి రోజుల్లో వరండాలో నిలబడినట్టు, వీపు నిటారుగా పెట్టి నిలబడతారు. ఆమె దగ్గర చదివినవాళ్ళూ, చదవనివాళ్ళూ, ఆవరణలో నవ్వినవాళ్ళూ, నువ్వూ చిన్నాన్నా, అందరూ రండి. ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు అల్లుకుని బారు కట్టి నీళ్ళలోకి దిగండి. ముందు దిగినవాళ్ళ కాలు ఆలస్యమైతే, గట్టు మీద ఉన్నవాళ్ళు అడుగు ఆపండి.